మా బాబు కోబెన్ఫీ వాడుతున్న ఎనిమిది నెలలు: ఒక అమ్మ రివ్యూ

ముందే చెప్తున్నాను, నేను డాక్టర్ని కాదు, ఫార్మసిస్టునీ కాదు. న్యూజెర్సీలో ఎడిసన్ దగ్గర ఉంటాం, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం చేస్తాను. మా బాబుకి 24 ఏళ్లు, స్కిజోఫ్రీనియా అని తేలి ఐదేళ్లయింది. ఈ ఐదేళ్లలో మూడు మందులు చూశాం. ఇప్పుడు వాడుతున్నది నాలుగోది, పేరు కోబెన్ఫీ. ఒకే క్యాప్సూల్‌లో రెండు మందులుంటాయి, జానోమెలిన్ ఒకటి, ట్రోస్పియం ఇంకొకటి.

ఎందుకు రాస్తున్నానంటే, రైస్ కుక్కర్ కొనాలన్నా తెలుగులో బోలెడు రివ్యూలు దొరుకుతాయి గానీ పిల్లవాడు రోజూ మింగే మందు గురించి అడగాలంటే మనవాళ్లు గొంతు తగ్గించి, వంటింట్లోకి పిలిచి అడుగుతారు. ఈ మధ్య ముగ్గురు అమ్మలు నాకు ఫోన్ చేశారు, ముగ్గురూ మొదట “ఎవరికీ చెప్పకండి” అన్నారు. వాళ్లకి చెప్పినదే ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ఈ రోగం ఉన్న ఇంట్లో ఉండేవాళ్లకి తెలుసు, మందు పనిచేయడం ఒక ఎత్తు, పిల్లవాడు దాన్ని రేపు కూడా మింగడం ఇంకో ఎత్తు. నేను ఏ మందునైనా ఈ రెండో లెక్కతోనే చూస్తాను. అమెరికా ప్రభుత్వం డబ్బుతో జరిగిన కేటీ అనే పెద్ద అధ్యయనం 2005లో వచ్చింది. అందులో 1493 మంది చేరారు, 18 నెలలు తిరిగేలోపు నూటికి 74 మంది మొదట ఇచ్చిన మందు ఆపేశారు. కొందరికి గుణం కనపడక, కొందరు సైడ్ ఎఫెక్ట్స్ తట్టుకోలేక, చాలామంది వాళ్లంతట వాళ్లే. మా డాక్టరమ్మ ఈ లెక్క చెప్పిన రోజు నాకు ఒక విధంగా ఊరట కలిగింది, అప్పటిదాకా మా ఇంట్లోనే ఇలా జరుగుతోందని, నా పెంపకంలోనే ఏదో తప్పుందని అనుకుంటూ ఉండేదాన్ని.

మొదట రిస్పెరిడోన్ ఇచ్చారు. మూడు వారాలకి చెవిలో మాటలు తగ్గాయి, నేను దేవుడి ముందు కూర్చుని ఏడ్చాను. కానీ రెండో నెలకి వాడి వేళ్లు బిగుసుకుపోయాయి. మావారూ వాడూ శనివారం సాయంత్రాలు క్యారమ్స్ ఆడేవాళ్లు, స్ట్రైకర్ కొట్టాలంటే చూపుడు వేలు కదలడం లేదని ఒక రోజు బోర్డు పక్కకు పెట్టేశాడు, మళ్లీ తీయలేదు. తర్వాత అరిపిప్రజోల్. బరువు పెరగలేదు, వేళ్లు కాస్త వదులయ్యాయి, కానీ కాలు కాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగేవాడు, రాత్రి రెండింటికి కూడా హాల్లో అడుగుల చప్పుడు వినపడేది. “లోపల ఎవరో నన్ను తోస్తున్నట్టుంది అమ్మా, కూర్చోలేను” అనేవాడు. రోగం పెరిగిందేమో అనుకున్నాం, కాదు, అది మందు వల్ల వచ్చే అస్థిమితమని తర్వాత తెలిసింది. మూడోది ఓలాంజపిన్. నిజం చెప్పాలంటే మాటలు వినపడటం ఆపడంలో మూడింటిలో అదే గట్టిది. కానీ పదమూడు నెలల్లో 21 కిలోలు పెరిగాడు, షుగర్ హద్దు దాకా వచ్చింది, మధ్యాహ్నం పన్నెండైనా లేచేవాడు కాదు. ఒక రోజు తులసి కుండీలో మట్టి మారుస్తుంటే పదిహేడు మాత్రలు దొరికాయి. ఆ తర్వాతి నెలలో తొమ్మిది రోజులు హాస్పిటల్‌లో ఉన్నాం.

నేను వాడిని తిట్టలేదు. అద్దంలో చూసుకుంటే తనలా లేని 22 ఏళ్ల కుర్రాడు మాత్ర దాచిపెట్టాడంటే అందులో నాకు అర్థం కానిదేమీ లేదు.

పాత మందులు ఎందుకిలా చేస్తాయో తెలుసుకోవాలని అప్పటినుంచి చదవడం మొదలుపెట్టాను. నాకు అర్థమైన పద్ధతిలో చెప్తాను. మా నాన్నగారిది తెనాలి దగ్గర వ్యవసాయం, మాకు కాలువ నీళ్లు. పై పొలంలో నీళ్లు ఎక్కువై గట్టు తెగుతోందని ఎవరైనా వెళ్లి పెద్ద కాలువ తలుపే దించేస్తే, ఆ పొలం గట్టు నిలుస్తుంది, కానీ కింద ఉన్న పొలాలన్నీ ఎండుతాయి. మెదడులో డోపమైన్ అనే రసాయనానిది ఇలాంటి కాలువే. దాని ఒక పాయ పొంగితే లేని మాటలు వినపడటం, లేని శత్రువులు కనపడటం. ఇంకో పాయ చేతుల కాళ్ల కదలికకి. ఇంకో పాయ ప్రొలాక్టిన్ అనే హార్మోన్‌ని అదుపులో పెట్టడానికి. మరొకటి మెదడు ముందు భాగానికి, ఆసక్తికీ ఆలోచనకీ. ఈ పాయలన్నిటిలోనూ డోపమైన్‌ని అందుకునే డీ2 రిసెప్టర్లు ఉంటాయి. 1950ల నుంచి వచ్చిన మందులన్నీ ఏదో ఒక విధంగా ఆ డీ2 మీదే పనిచేస్తాయి. వాటికి ఏ పాయ ఏదో తెలియదు.

డోపమైన్ అన్నిచోట్లా తగ్గితే ఏమవుతుందో స్వీడన్‌లో ఆర్విడ్ కార్ల్‌సన్ 1950ల చివర్లోనే చూశారు. మెదడులో డోపమైన్‌ని ఖాళీ చేసే రెసర్పిన్ అనే మందు ఇచ్చిన కుందేళ్లు కదల్లేక పడి ఉంటే, డోపమైన్‌గా మారే ఎల్-డోపా ఇవ్వగానే లేచి తిరిగాయి. ఆయనకి 2000లో నోబెల్ వచ్చింది. ఆ రెసర్పిన్ మన సర్పగంధ వేరులోది. 1931లోనే కలకత్తాలో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ ఆ వేరుతో ఉన్మాదం, రక్తపోటు తగ్గుతున్నాయని రాశారు. ఇది చదివినప్పుడు నాకు స్ట్రైకర్ మీద ఆగిపోయిన మా వాడి వేలే గుర్తొచ్చింది.

తర్వాత మెదడు స్కాన్లతో కొలిచారు కూడా. డీ2 రిసెప్టర్లలో సుమారు 65 శాతం మూసుకుంటే మందు పనిచేయడం మొదలవుతుంది, 78 శాతం దాటితే బిగుసుకుపోవడం మొదలవుతుంది. మధ్యలో మిగిలిన చోటు అంత ఇరుకు. మోతాదు కొంచెం పెంచితే వేళ్లు పోతాయి, కొంచెం తగ్గిస్తే మాటలు మళ్లీ వస్తాయి. మా డాక్టరమ్మ అర మిల్లీగ్రాము అటూ ఇటూ మార్చుతూ గడిపిన నెలలన్నీ ఆ ఇరుకులోనే గడిచాయని ఇప్పుడు అర్థమవుతోంది.

అది డీ2 సంగతి మాత్రమే. ఓలాంజపిన్ లాంటివి ఇంకా చాలా రిసెప్టర్లని పట్టుకుంటాయి. హిస్టమిన్ హెచ్1ని మూస్తే నిద్ర, ఆకలి. సెరటోనిన్ 5-హెచ్‌టీ2సీని మూస్తే మళ్లీ ఆకలి. ఆల్ఫా1ని మూస్తే లేచి నిలబడగానే కళ్లు తిరగడం. ఎసిటైల్‌కోలిన్ అనే ఇంకో రసాయనాన్ని అందుకునే మస్కరినిక్ రిసెప్టర్లని మూస్తే నోరు ఎండటం, మలబద్ధకం, మరపు. మా వాడు రాత్రి పదకొండింటికి గిన్నెలో మిగిలిన అన్నమంతా పెరుగు కలుపుకుని తింటుంటే నేను “ఇంత తిండేంటి నాన్నా” అన్నాను చాలాసార్లు. అది వాడి తిండిపోతుతనం కాదని, ఒక రిసెప్టర్ మూసుకుపోతే ఎవరికైనా అంతేనని అప్పుడే తెలిసి ఉంటే ఆ మాట అనేదాన్ని కాదు.

ఇక అసలు మందు సంగతి.

కోబెన్ఫీ డీ2ని ముట్టుకోదు. అమెరికాలో మందులకి అనుమతిచ్చే సంస్థ ఎఫ్‌డీఏ 2024 సెప్టెంబర్ 26న పెద్దవాళ్లలో స్కిజోఫ్రీనియాకి దీన్ని ఆమోదించింది, డోపమైన్ రిసెప్టర్ల మీద పనిచేయకుండా ఈ రోగానికి ఆమోదం పొందిన మొదటి మందు ఇదే. జానోమెలిన్ మస్కరినిక్ రిసెప్టర్లలో ఎం1, ఎం4 అనే రెండింటిని ఎక్కువగా ప్రేరేపిస్తుంది. నాకు అర్థమైనంతలో, ఎం4 వల్ల పొంగుతున్న పాయలోకి వచ్చే డోపమైనే తగ్గుతుంది, ఎం1 మెదడు ముందు భాగంలో ఆలోచనకి సంబంధించిన చోట పనిచేస్తుంది. పెద్ద తలుపు దించకుండా పైన వదిలే నీళ్లనే తగ్గించుకోవడం లాంటిది.

దీని పుట్టుక చదివినప్పుడు మా అమ్మకి ఫోన్ చేశాను. జానోమెలిన్‌ని 1990ల్లో ఎలై లిల్లీ, నోవో నార్డిస్క్ కలిసి తయారు చేశాయి. అరెకోలిన్ అనే పదార్థం నిర్మాణాన్ని మార్చుకుంటూ వెళ్తే వచ్చింది ఇది. అరెకోలిన్ అంటే మన వక్కలో ఉండేది! తాంబూలంలో వక్క నమిలితే ఒళ్లు కాస్త వెచ్చబడి, నోట్లో నీళ్లూరి, తల తేలికవుతుంది చూడండి, అందులో కొంత అరెకోలిన్ ఆ మస్కరినిక్ రిసెప్టర్లని తాకడం వల్లే. పసిఫిక్ దీవుల్లో పలావు అనే దేశంలో వక్క నమిలే స్కిజోఫ్రీనియా రోగుల మీద చేసిన అధ్యయనం 2000లో వచ్చింది, ఎక్కువగా నమిలే మగవాళ్లలో కొన్ని లక్షణాలు తక్కువగా కనిపించాయి. మా అమ్మ అరవై ఏళ్లుగా భోజనం కాగానే ఆకు వక్క వేసుకుంటుంది, ఈ మాట వినగానే “అయితే వాడికీ రెండు వక్కలు పంపనా” అంది. వద్దని గట్టిగా చెప్పాను, ఇక్కడా గట్టిగా చెప్తున్నాను. వక్క నోటి క్యాన్సర్ తెస్తుంది, ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం దాన్ని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలోనే పెట్టింది. వక్కతో వైద్యం అని ఎవరైనా వీడియో పెడితే నమ్మకండి.

జానోమెలిన్‌ని మొదట అల్జీమర్స్ కోసం పరీక్షించారు. 1997లో వచ్చిన ఆ పరీక్షలో 343 మంది ఉన్నారు. లేనివి కనపడటం, అనుమానాలు, ఆందోళన తగ్గాయి. కానీ వాంతులు, వికారం, చెమటలు, కళ్లు తిరిగి పడిపోవడం ఎంతగా ఉన్నాయంటే ఎక్కువ మోతాదు తీసుకున్నవాళ్లలో సగం మందికి పైగా మధ్యలోనే ఆపేశారు. కారణం ఏమిటంటే, ఈ మస్కరినిక్ రిసెప్టర్లు మెదడులోనే కాదు, పొట్టలో, లాలాజల గ్రంథుల్లో, మూత్రాశయంలో, గుండెలో కూడా ఉన్నాయి. పైగా ఎం1 నుంచి ఎం5 వరకూ ఐదింటిలోనూ రసాయనం వచ్చి కూర్చునే చోటు దాదాపు ఒకేలా ఉంటుంది, ఒకదానికే సరిపోయేలా మందు చెయ్యడం చాలా కష్టం. మందు అలమారలో పడిపోయింది. 2008లో 20 మంది స్కిజోఫ్రీనియా రోగుల మీద చిన్న పరీక్ష జరిగింది, మంచి ఫలితమే వచ్చింది, అయినా ఎవరూ ముందుకు తీసుకెళ్లలేదు, వాంతుల సమస్య అలాగే ఉంది మరి.

నాకు ఈ కథలో అన్నిటికంటే నచ్చింది తర్వాతి మెట్టు. కరూనా థెరప్యూటిక్స్ అనే చిన్న కంపెనీలో ఆండ్రూ మిల్లర్ అనే ఆయన, మందు అణువుని ఇంకా ఇంకా చెక్కడానికి బదులు, దాని పక్కన ఇంకో మందుని కాపలా పెట్టారు. ట్రోస్పియం అతి మూత్రానికి ఎప్పటినుంచో వాడుతున్న మందు. అది మస్కరినిక్ రిసెప్టర్లని మూస్తుంది, కానీ దానికి శాశ్వతమైన విద్యుదావేశం ఉండటం వల్ల రక్తం నుంచి మెదడులోకి దాదాపు పోలేదు. కాబట్టి జానోమెలిన్ ఒళ్లంతా వెళ్తుంది, మెదడు బయట ట్రోస్పియం అడ్డుపడుతుంది, మెదడు లోపల దానికి అడ్డు ఉండదు. పొట్ట, మూత్రాశయం చాలావరకూ గొడవ లేకుండా ఉంటాయి. సైడ్ ఎఫెక్ట్స్ తగ్గించడమంటే అణువుని చెక్కడమే అనుకున్నదాన్ని నేను, అణువు ఏ చోట పనిచేయాలో కాపలా పెట్టడం కూడా అదే పని అని దీన్ని చూశాకే తెలిసింది.

పరీక్షల సంగతి క్లుప్తంగా. 2021లో వచ్చిన మొదటి పరీక్షలో 182 మంది. పాన్స్ అనే లక్షణాల స్కోరు ఐదు వారాల్లో మందు తీసుకున్నవాళ్లలో 17.4 తగ్గింది, పోల్చి చూడటానికి మందు లేని ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవాళ్లలో 5.9 తగ్గింది. తర్వాతి రెండు పెద్ద పరీక్షల్లో ఈ తేడా 9.6, 8.4. బరువు, నిద్రమత్తు, బిగుసుకుపోవడం ఉత్తుత్తి మాత్రతో దాదాపు సమానంగానే ఉన్నాయి. ఆ కరూనా కంపెనీని బ్రిస్టల్ మయర్స్ స్క్విబ్ 1400 కోట్ల డాలర్లకి కొనుక్కుంది.

ఇప్పుడు మా ఇంట్లో వాడకం. మొదలుపెట్టే ముందు లివర్ పరీక్షలు, బిలిరుబిన్, గుండె వేగం చూశారు. మూత్రం ఆగిపోయే సమస్య ఉన్నవాళ్లకి, లివర్ ఓ మోస్తరుగా గానీ అంతకంటే ఎక్కువగా గానీ పాడైనవాళ్లకి, వైద్యం చేయించుకోని ఒక రకం గ్లకోమా ఉన్నవాళ్లకి, పొట్ట ఖాళీ కాని జబ్బున్నవాళ్లకి ఇది ఇవ్వకూడదు. మొదటి రెండు రోజులు 50/20, అంటే జానోమెలిన్ 50, ట్రోస్పియం 20 మిల్లీగ్రాములు, రోజుకి రెండుసార్లు. తర్వాత కనీసం ఐదు రోజులు 100/20. తట్టుకుంటే ఆపైన 125/30. మా వాడికి మూడు వారాలు 100 దగ్గరే ఉంచి అప్పుడు పెంచారు, తొందరపడలేదు, అది మంచిదయింది. ఓలాంజపిన్‌ని డాక్టరమ్మ ఒక్కసారిగా ఆపకుండా ఆరు వారాల్లో మెల్లగా దించారు. దయచేసి ఈ మార్పిడి ఎవరూ సొంతంగా చెయ్యకండి.

అన్నిటికంటే కష్టం తిండి నియమం. ఖాళీ కడుపుతో వేసుకోవాలి, భోజనానికి కనీసం గంట ముందో, రెండు గంటల తర్వాతో, అదీ రోజుకి రెండుసార్లు. వినడానికి చిన్న విషయంలా ఉంటుంది. మన ఇళ్లలో లేవగానే పాల కాఫీ, మధ్యలో ఎవరో ఒకరు జంతికల డబ్బా తీస్తారు, పండగ రోజు పులిహోర ఎప్పుడు వడ్డిస్తామో మనకే తెలియదు. చివరికి ఉదయం ఏడింటికి లేవగానే ఒకటి, ఎనిమిదిన్నరకి ఇడ్లీయో ఉప్మాయో. రాత్రి ఏడింటికల్లా భోజనం, తొమ్మిదిన్నరకి రెండోది. ఇంటిల్లిపాదీ ఏడింటికి తింటున్నాం ఇప్పుడు, వాడొక్కడినే వేరుగా కూర్చోబెట్టకూడదని మావారు పెట్టిన నియమం.

మొదటి పది రోజులు వికారం ఉంది. రెండుసార్లు వాంతయింది. పరీక్షల్లోనూ వికారం 19 శాతం మందికి, అజీర్తి 18 శాతానికి, మలబద్ధకం 17 శాతానికి, వాంతులు 15 శాతానికి వచ్చాయి, కాబట్టి ట్రోస్పియం కాపలా పూర్తిగా ఆపుతుందని అనుకోవద్దు. మూడో వారానికి తగ్గింది. మలబద్ధకం మాత్రం కొనసాగుతోంది, నీళ్లు, తోటకూర, రాత్రి నానబెట్టిన ఎండుద్రాక్షతో నెట్టుకొస్తున్నాం. గుండె వేగం పెరుగుతుంది, మొదటి నెలలో వారం వారం చూసి రాసిపెట్టాను. బీపీ కూడా కొంతమందికి పెరుగుతుంది, చూసుకోవాలి.

ఫలితం. నాలుగో వారంలో వాడే చెప్పాడు, “మాటలు ఉన్నాయి అమ్మా, కానీ పక్కింట్లో టీవీ పెట్టినట్టుంది.” ఓలాంజపిన్ మీద ఉన్నంత నిశ్శబ్దం ఎనిమిది నెలలకీ రాలేదు, ఇది కచ్చితంగా చెప్పాలి. రోజూ కొంత ఉంటుంది. కానీ పొద్దున ఏడింటికి తనంతట తను లేస్తున్నాడు. బరువు 11 కిలోలు దిగాడు, సగం ఓలాంజపిన్ ఆపడం వల్లే అయ్యుంటుంది. ఆగిపోయిన కాలేజీలో ఒక్క కోర్సుకి పేరు రాయించుకున్నాడు. మాత్ర దాచడం లేదు, నేను లెక్కపెడుతున్నాను, వాడికి తెలిసే లెక్కపెడుతున్నాను.

ఒక ముఖ్యమైన విషయం, మనవాళ్లకి ప్రత్యేకంగా. రిస్పెరిడోన్, హాలోపెరిడాల్ లాంటివి వాడేటప్పుడు బిగుసుకుపోకుండా పక్కన ఇంకో మాత్ర ఇస్తారు. మన దగ్గర ఎక్కువగా ట్రైహెక్సిఫెనిడిల్, ప్యాసిటేన్ అంటే చాలామందికి తెలుస్తుంది, ఇక్కడ బెంజ్‌ట్రోపిన్. అవి మెదడులోకి వెళ్లి మస్కరినిక్ రిసెప్టర్లని మూస్తాయి. అంటే కోబెన్ఫీ దేన్ని తెరవాలని చూస్తోందో దాన్నే మూస్తాయి. మా వాడికి బెంజ్‌ట్రోపిన్ ఉన్న రోజుల్లో పేజీ చదివి పై పేరా మర్చిపోయేవాడు, రోగం వల్లే అనుకున్నాం, ఆ మాత్ర వాటా కూడా అందులో ఉందని ఇప్పుడు నమ్ముతున్నాను. జలుబుకి, నిద్రకి కౌంటర్లో దొరికే కొన్ని మందులకి కూడా ఈ గుణం ఉంటుంది. కాబట్టి డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఇంట్లో ఉన్న మాత్రలన్నీ, తలనొప్పి మాత్రతో సహా, సంచిలో వేసుకుని వెళ్లండి.

డబ్బు సంగతి నాకు బాధ కలిగించేది. మందు వచ్చినప్పుడు కంపెనీ పెట్టిన ధర నెలకి 1850 డాలర్లు, లక్షన్నర రూపాయల పైమాటే. మా బాబు ఇంకా నా ఆఫీసు ఇన్సూరెన్స్‌లో ఉన్నాడు, ఇక్కడ చట్టం ప్రకారం 26 ఏళ్లు వచ్చేదాకా ఉండొచ్చు. ఇన్సూరెన్స్ మొదటిసారి కాదంది, ఇంకో పాత మందు వాడి చూడమంది. మూడు వాడామని, ఏది ఎన్ని నెలలు, ఏ మోతాదు, ఏమయిందో తేదీలతో రాసిన కాగితం, బరువు లెక్కలు, షుగర్ రిపోర్టులు జతచేసి డాక్టరమ్మ అప్పీలు పంపారు, అయిదు వారాలు పట్టింది. మీరు ఏ మందు వాడుతున్నా ఈ రోజు నుంచే ఒక నోటు పుస్తకం పెట్టండి, ఏ రోజు ఏం జరిగిందో రెండు ముక్కలు రాయండి. మాకు ఆ పుస్తకమే పనిచేసింది. 26 నిండాక ఎలా అనే టెన్షన్ మాత్రం రోజూ ఉంది.

చదివేవాళ్లు ఇది అద్భుతమని అనుకోకూడదు కాబట్టి ఇంకొన్ని విషయాలు. ఆమోదానికి ఆధారమైన పరీక్షలు ఐదు వారాలవి, ఉత్తుత్తి మాత్రతో పోల్చినవి, ఓలాంజపిన్‌తో ముఖాముఖి పోల్చినవి కావు. పాత మందు సరిపోనివాళ్లకి దానికి తోడుగా కోబెన్ఫీ ఇచ్చి చేసిన పరీక్ష 2025 ఏప్రిల్‌లో అనుకున్న లక్ష్యం అందుకోలేదు. మాత్రలు మర్చిపోయేవాళ్లకి పాత మందుల్లో నెలకోసారి వేసే ఇంజెక్షన్లు ఉన్నాయి, దీనిలో లేదు. ఇక రెండు మూడు మందులకి అసలు లొంగని రోగానికి ఇప్పటికీ క్లోజపిన్‌దే పెద్ద పేరు. 1988లో వచ్చిన పరీక్షలో, ఇతర మందులకి లొంగనివాళ్లలో 30 శాతం మందికి క్లోజపిన్‌తో గుణం కనపడితే, పాత క్లోర్‌ప్రోమజిన్‌తో 4 శాతానికే కనపడింది. ఆ క్లోజపిన్ పట్టుకోని రిసెప్టర్ ఏదీ లేదా అనిపిస్తుంది, రక్తంలో తెల్లకణాలు పడిపోయే ప్రమాదం ఉంది, 1975లో ఫిన్లాండ్‌లో మరణాల తర్వాత చాలాచోట్ల పక్కనపెట్టి మళ్లీ తెచ్చుకున్న మందు. అయినా కొంతమంది ప్రాణాలు దానితోనే నిలబడుతున్నాయి. మా డాక్టరమ్మ కూడా “ఇది సరిపోకపోతే తర్వాత క్లోజపిన్ గురించి భయపడకుండా మాట్లాడుకుందాం” అన్నారు, నేను సరే అన్నాను.

అలాగే, ఎంత గురిపెట్టి కొడితే అంత మంచిదనే లెక్క కూడా ఎప్పుడూ నిజం కాదు. ఎం4 ఒక్కదాని మీదే, అది కూడా రిసెప్టర్ అసలు చోటుని వదిలి పక్క చోటు పట్టుకుని పనిచేసేలా ఎంతో నేర్పుగా తయారుచేసిన ఎమ్రాక్లిడిన్ అనే మందు ఉంది. దాన్ని తయారుచేసిన కంపెనీని అబ్‌వీ 870 కోట్ల డాలర్లకి కొంది. 2024 నవంబర్‌లో దాని రెండు పరీక్షలూ ఉత్తుత్తి మాత్రని మించలేకపోయాయి. టార్1 అనే వేరే రిసెప్టర్ మీద పనిచేసే ఉలోటరాంట్‌కీ 2023లో అదే జరిగింది, అక్కడ ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవాళ్లే చాలా బాగుపడ్డారు. ఆ రోజు ఆ వార్తలు చదివి మా వాడి వయసు పిల్లలున్న ఇళ్లన్నీ గుర్తొచ్చి మనసు పాడైంది. 2018లో డీ2 రిసెప్టర్ రిస్పెరిడోన్‌ని పట్టుకుని ఉన్న ఆకారాన్ని అణువు అణువుగా చూడగలిగారు, ఎం1, ఎం4 ఆకారాలు 2016లోనే వచ్చాయి, ఇప్పుడు ఆ ఆకారాలు చూసుకుంటూ కొత్త మందులు గీస్తున్నారు. గీసేవాళ్లు ఒక్కసారి తులసి కుండీ ఉన్న ఇళ్లకి కూడా రావాలని నా కోరిక. లక్షణాల స్కోరు పక్కన, రోగి ఆ మందుని ఏడాది తర్వాత కూడా ఇష్టపడి మింగుతున్నాడా అనే గడి కూడా అంత పెద్దదిగా ఉండాలి.

నా రేటింగ్ ఐదుకి నాలుగు. ఒకటి తగ్గించింది ధరకీ, ఖాళీ కడుపు నియమానికీ, మిగిలిన ఆ పక్కింటి టీవీకీ. బరువు, షుగర్, బిగుసుకుపోవడం వల్ల మందు మానేస్తున్న పిల్లలుంటే, ఇన్సూరెన్స్ దారి ఉంటే, డాక్టర్ని అడగండి. ఇప్పుడున్న మందు బాగా పనిచేస్తూ, పిల్లవాడు ఇబ్బంది లేకుండా మింగుతుంటే కొత్తదని మార్చకండి. మన ఊళ్లో ఉన్నవాళ్లు ఎవరితో మాట్లాడాలో తెలియకపోతే టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, ప్రభుత్వానిది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

మొన్న శనివారం మావారు క్యారమ్ బోర్డు దుమ్ము తుడిచి పౌడర్ చల్లారు. మా వాడు ఎదురుగా కూర్చుని మూడు కాయలు వేశాడు, రెడ్ మిస్సయింది, ఇంకో ఆట ఆడదామన్నాడు. టైము తొమ్మిది దాటింది, తొమ్మిదిన్నరకి క్యాప్సూల్ ఉంది కాబట్టి అందాకా ఎవరూ ఏమీ తినొద్దని నేను జంతికల డబ్బా లోపల పెట్టేశాను.